దొడ్డుప్పు స్నానం

తెలుగిళ్ళల్లో ఉప్పు ఒంటి చుట్టూ తిరుగుతుంది గానీ ఒంటిని తాకదు. దిష్టి తీయడం చూడండి. గుప్పిట్లో ఇంత ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు పట్టుకుని అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తిప్పి, పిల్లాడి చేత థూ థూ అనిపించి, తీసుకుపోయి పొయ్యిలోనో నీళ్ళలోనో పడేస్తారు. చేతులు కడుక్కుని గానీ మళ్ళీ పిల్లాణ్ణి ముట్టుకోరు. ఊళ్ళోవాళ్ళ కళ్ళు వాడి ఒంటిమీద వదిలిపెట్టినదంతా ఉప్పు లాక్కుందని లెక్క. ఉప్పు చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, పోట్లాటలొస్తాయి. దీపాలు పెట్టాక అప్పివ్వకూడదు, లక్ష్మి వెళ్ళిపోతుంది. కాలు బెణికితే కాపడం పెట్టుకుంటాం, అదీ గుడ్డలో మూట కట్టి. గొంతు పట్టేస్తే పుక్కిలించి ఉమ్మేస్తాం. ఇంత దూరం పాటించిన సరుకుని అరచేతిలో వేసుకుని ఒళ్ళంతా పాముకోవాలంటే కొంచెం గుండె కావాలి.

మా ఇంటికి అది గాజు సీసాలో వచ్చింది. మా అమ్మాయి తెచ్చుకుంది. మూత మీద నీలం అలలు, లోపల నూనెలో నానిన ఉప్పు, మూత తియ్యగానే నిమ్మగడ్డి వాసన. "సీ సాల్ట్ స్క్రబ్ అమ్మా, ఎక్స్‌ఫోలియేషన్‌కి. డెడ్ స్కిన్ అంతా పోతుంది" అంది. మా అత్తమ్మ సీసా అందుకుని, వేలి కొసతో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది.

"దొడ్డుప్పే గదనే! పాము కుబుసం ఇడిశినట్టు ఇడుస్తరా ఏంది దీనితోని?"

వెల ఎంతని ఆవిడ అడగలేదు, మేం చెప్పలేదు. ఆ డబ్బు పట్టుకుని సికింద్రాబాదు మోండా మార్కెట్‌కి పోతే ఎంత దొడ్డుప్పు వస్తుందో ముగ్గురికీ తెలుసు.

సీసా వెనక చిన్న అక్షరాల్లో అంతా రాసే ఉంది. సముద్రపు ఉప్పు, కొబ్బరినూనె, విటమిన్ ఇ, వాసన నూనెలు. మొదటి రెండూ ఏ కిరాణా కొట్లోనైనా దొరికేవే. అందుకని సీసా అమ్మాయికి వదిలేసి, నా వంతు నేనే కలుపుకుందామని చిలకలగూడ చౌరస్తా దాకా నడిచి కిరాణా కొట్లో దొడ్డుప్పు అడిగాను.

"తొక్కు పెడ్తున్నరా అక్కా? మామిడికాయలు అయిపోయినయి గదా" అన్నాడు కొట్టాయన.

"తొక్కుకు కాదన్నా. ఒంటికి రుద్దుకోనీకి."

ఆయన ఆశ్చర్యపోలేదు. "కాళ్ళ నొప్పులా? ఏడి నీళ్ళల్ల ఏసి కాళ్ళు పెట్టుండ్రి. మంచిగైతది."

నొప్పులేం లేవని చెప్పి ఆయన వైద్యాన్ని తీసిపారెయ్యబుద్ధి కాలేదు. సరేనని తెచ్చుకున్నాను.

దొడ్డుప్పుని ఉన్నదున్నట్టు వాడితే ఒళ్ళు గీసుకుపోతుంది. ఒక గల్లు తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే తెలుస్తుంది. చదునైన ముఖాలు, పదునైన మూలలు. రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచి, మెత్తటి పొడి జల్లెడ పట్టి తీసేసి, రవ్వగా మిగిలినదాంట్లో నూనె పొయ్యాలి. కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ ఏదైనా ఫరవాలేదు. నూనెలో ఉప్పు కరగదు. నీళ్ళలో కలిపి పెట్టామా, పొద్దున్నకల్లా గిన్నెలో ఉప్పునీళ్ళు తప్ప రుద్దుకోవడానికేమీ మిగలదు. సీసాలో అంత నూనె పొయ్యడానికి మొదటి కారణం ఇది. రుద్దాక చర్మం ఎండిపోకుండా పైన ఒక పొర ఉంచడం రెండోది.

సీసా మీద ఇంకో మాట కూడా ఉంది, సముద్రపు ఖనిజాలు చర్మానికి పోషణ ఇస్తాయని. ఇక్కడ మాత్రం నాకు పేచీ ఉంది. మా చిలకలగూడకి అట్టే దూరం లేని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధన కోసం ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఉప్పులో అయోడిన్‌తో పాటు ఇనుము కూడా కలిపే పద్ధతిని తయారుచేసింది వాళ్ళే. ఉప్పు ప్రతి ఇంటికీ చేరుతుంది, ప్రతివాళ్ళూ రోజూ తింటారు, కాబట్టి రక్తహీనతకి మందు దానిమీద ఎక్కించి పంపితే సరిపోతుందని ఆలోచన. ఉప్పు గురించి అంత తల బద్దలు కొట్టుకున్నవాళ్ళు కూడా దాన్ని నోటిదారినే పంపారు. చర్మానికి ఉన్న పెద్ద ఉద్యోగం బయటిదాన్ని బయటే ఆపడం. గేటు దగ్గర వాచ్‌మన్‌కి టిఫిన్ పెడితే ఇంట్లోవాళ్ళ కడుపు నిండుతుందని ఏ సీసా చెప్పినా నమ్మకండి.

సరే, రుద్దుకున్నాను. తడి చేతిమీద ఒక చెంచాడు వేసుకుని మోచేయి దగ్గర మొదలుపెట్టాను. మొదట గరగరమంటుంది. వేళ్ళ కింద ప్రతి రవ్వా విడివిడిగా తెలుస్తుంది. నాలుగు చుట్లు తిప్పేసరికి అంచులు అరిగిపోతాయి, ఇంకాసేపటికి ఏమీ ఉండదు, వట్టి నూనె. ఈలోగా మణికట్టు దగ్గర భగ్గుమంది. ఎప్పుడో కూర తరుగుతుంటే కత్తిపీట అంటుకున్న గీత. నేను మరిచిపోయాను, ఉప్పు వెతికి పట్టుకుంది. పుండు మీద ఉప్పు చల్లడమని తేలిగ్గా అనేస్తాం గానీ, అందులో జరిగేదేమిటంటే గాఢమైన ఉప్పునీరు చుట్టుపక్కల కణాల్లోంచి నీటిని లాగేస్తుంది, అక్కడి నరాల కొసలు ఊరుకోవు. కంటికి కనపడని గీతలు మన ఒంటిమీద ఎన్ని ఉంటాయో లెక్క చెప్పేది ఉప్పొక్కటే.

అయినా నాకు ఉప్పులో నచ్చిన గుణం ఈ కరిగిపోవడమే. ఒళ్ళు తోమే సరుకులు చాలా ఉన్నాయి. బీరపీచుంది, నైలాన్ పీచుంది, మడమలకు ఝావా రాయి ఉంది, వాల్‌నట్ చిప్పల పొడి కలిపిన క్రీములున్నాయి. వీటిలో ఏదీ తనంతట తాను ఆగదు. మనం ఆపాలి, మనకేమో ఇంకొంచెం రుద్దితే ఇంకొంచెం బాగుంటుందని ఆశ. ఉప్పు తడి తగిలిన క్షణం నుంచీ మెత్తబడుతూ పోతుంది. పైగా పెద్ద గట్టిది కూడా కాదు. రాళ్ళ గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద ఉప్పు రెండు, రెండున్నర మధ్య నిలుస్తుంది, మన గోరు కూడా ఇంచుమించు అక్కడే. కొన్నాళ్ళ కిందటి దాకా ఫేస్‌వాష్‌ల్లో గుండ్రటి ప్లాస్టిక్ పూసలు వేసేవారు. అవి చర్మాన్ని గియ్యవు, నిజమే, కాలవల్లో పడి చేపల కడుపుల్లోకి పోతాయి. అమెరికాలో 2015లో చట్టం చేసి వాటిని ఆపేశారు. ఉప్పుకి ఆ గొడవ లేదు. మా బాత్రూం తూములోంచి మూసీలోకి పోయేది, మూసీతో పాటు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటుకుని హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. ఎక్కడి ఉప్పు అక్కడికే. ఆ నీళ్ళలో ఉప్పుతో పాటు ఇంకేమేం కలిసి ప్రయాణం చేస్తాయో చెప్పను, మూసీ గురించి మీకూ తెలుసు.

పోయేదేమిటో కూడా చెప్పుకోవాలి. చర్మం పై పొరలో ఉన్నవన్నీ చచ్చిపోయిన కణాలే, పలచగా చదునుగా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. అడుగున పుట్టిన కణం పైదాకా వచ్చి రాలిపోవడానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. వయసు పైబడేకొద్దీ ఇంకా నెమ్మది. ఎవరూ తోమకపోయినా రాలతాయి. మనం రోజూ ఊడ్చే ఇంటి దుమ్ములో అవీ ఉంటాయి. స్క్రబ్ చేసే పనల్లా, రేపో ఎల్లుండో పోయేవాటిని ఇవాళే పంపించడం. మోచేతులు, మోకాళ్ళు, మడమల దగ్గర ఆ రాలడం సరిగ్గా జరగదు, పొర మందమవుతుంది. అందులోనూ మా వీధిలో నల్లా రాని రోజు బోరు నీళ్ళే గతి. సబ్బు నురగ రాదు, కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కడుతుంది, స్నానం చేసి తుడుచుకుని గోటితో గీస్తే చేతిమీద సున్నం గీత పడుతుంది. అలాంటి మోచేతికి ఈ ఉప్పు పనిచేసింది. గరుకు తగ్గింది. అద్దంలో కనపడేంత తేడా ఏమీ కాదు, చీర కొంగు తగిలితే తెలిసే తేడా.

వీపు అందదు కదా. వీపుకి అత్తమ్మనే పిలిచాను. గుప్పిట్లో ఉప్పు పట్టుకోగానే ఆవిడ చెయ్యి అలవాటుగా గాల్లో తిరగబోయింది. "థూ థూ అనుపియ్యనా?" అని తనే నవ్వింది.

"అత్తమ్మా, మెల్లగ. నూరుతున్నట్టు రుద్దకు."

"ఇది రుద్దుడా? మా మేనత్త నలుగు బెడితే తెల్సునా నీకు! పెండ్లికి ముందట దినాం కూసోబెట్టి నెత్తురచ్చేదాక రుద్దేది. తెల్లగైతనని."

"అయినవా?"

"ఏడ! గట్లనే ఉన్న. మీ మామ ఏమనలే. ఆయనే నాకన్న నలుపు."

నలుగు గురించి మాట్లాడేటప్పుడు మనం కొంచెం కరిగిపోతాం. అదీ న్యాయమే. సున్నిపిండి తయారీ చూసినవాళ్ళెవరికైనా అది పండగే. పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, తుంగముస్తెలు, పసుపు కొమ్ములు, ఎండబెట్టిన గులాబీ రేకులు, నారింజ తొక్కలు. డాబా మీద చీర పరిచి ఆరబోసి, కాకులు రాకుండా ఒకళ్ళు కాపలా. అసలు పరీక్ష గిర్నీ దగ్గర. మా వీధి గిర్నీకి డబ్బా పట్టుకుని పోయి మొదట అడిగే ప్రశ్న: "ఇంతకు ముందు ఏం పట్టినవ్?" మిరపకాయలు పట్టిన గిర్నీలో సున్నిపిండి వేశామంటే ఆ పండక్కి ఇల్లంతా ఒకటే మంట. తెలిసిన గిర్నీవాడైతే శనగలో జొన్నలో పట్టేదాకా మన డబ్బాని పక్కన పెడతాడు. తెలియనివాడు "ఏం కాదమ్మా" అంటాడు. "ఏం కాదమ్మా" అన్నవాడి దగ్గర నేనెప్పుడూ పట్టించలేదు. పిండి వచ్చాక వేడి వేడిగా డబ్బాలో పొయ్యకూడదు, పేపరు మీద ఆరబెట్టాలి, లేకపోతే ముక్కిపోతుంది. ఆ వాసన రెండు రోజులు చేతికి ఉంటుంది. ఏ సీసాలోనూ ఆ వాసన నాకు దొరకలేదు.

మన పురాణంలోనే చూడండి, ఒంటినుంచి రాలినదానికి ఎంత గౌరవమో. పార్వతీదేవి నలుగు పెట్టుకుని, ఆ నలుగుపిండితో పిల్లాణ్ణి చేసి ప్రాణం పోసి, స్నానాల గది గుమ్మం దగ్గర కాపలా పెట్టింది. వినాయక చవితి నాడు చేతిలో అక్షింతలు పట్టుకుని ప్రతి సంవత్సరం వింటాం. సీసాలవాళ్ళు డెడ్ స్కిన్ అని చీదరించుకునేదాంట్లోంచి తొలిపూజ అందుకునే దేవుడు పుట్టాడు. స్నానం చేస్తున్న ఆడమనిషి తలుపు మగవాడు, అందులోనూ మొగుడు, తోసుకు రాకూడదని ఆ పిల్లాడు తల పోగొట్టుకున్నాడని కూడా అదే కథ. ఆ భాగం మీద పెద్దగా ఎవరూ వ్యాఖ్యానం చెయ్యరు. సరే, పక్కదారి పట్టాను.

నలుగు అంతా అమృతం కాదని అత్తమ్మ వీపు రుద్దుతూ చెప్పిన మాటే సాక్ష్యం. పసిపిల్లల్ని కాళ్ళమీద పడుకోబెట్టుకుని పిండిముద్దతో నూగు పోయేదాకా రుద్దడం, ఆ బిడ్డ గుక్కపట్టి ఏడవడం మనందరికీ తెలుసు. ఆ నూగు కొన్ని వారాలకి తనంతట తనే రాలిపోతుంది. రుద్దింది నూగు కోసమే అని మనం చెప్పుకుంటాం, అసలు ఆశ రంగు. పెళ్ళికూతురుకి పెట్టిందీ ఆ ఆశతోనే. ఇప్పుడు సికింద్రాబాదులో ఏ బ్యూటీపార్లర్ బోర్డు చూసినా డీ-ట్యాన్ అని ఉంటుంది. మా మేనత్తలు చేసిన పనికి వాళ్ళు బిల్లు ఇస్తారు, అదే తేడా. 1975లో మార్కెట్‌లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అని పెట్టుకుంది. పేరు మారినంత తేలిగ్గా ఆశ మారదు.

రంగు రుద్దితే పోదు. దానికి కారణం చాలా చిన్నది. రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది పైన కాదు, చర్మం పై భాగంలో అట్టడుగు వరసలో. అక్కడి కణాలు తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి, అవి చేసే మెలనిన్‌లోనే తేడా. అంత కిందికి ఉప్పు పోదు, పోతే నెత్తురొస్తుంది. ఎండకి నల్లబడ్డ మెడ కొన్నాళ్ళు నీడపట్టున ఉంటే దానంతటదే తేరుకుంటుంది. దీన్ని మించిన మెలిక ఒకటుంది. ఎముక పైకి కనపడే చోట్ల, అంటే మెడ కింద, భుజాల మీద, వీపు మీద, రోజూ నైలాన్ పీచుతో గట్టిగా తోముకునేవాళ్ళకి అక్కడ నల్లటి మచ్చలు వస్తాయి. చర్మవైద్యులు దాన్ని ఫ్రిక్షనల్ మెలనోసిస్ అంటారు. మన దేశంలో తరచుగా చూస్తారు, జపాన్‌లో నైలాన్ తువ్వాళ్ళు వాడేవాళ్ళలోనూ చూశారు. నలుపు కనపడుతుంది, అది మురికేమోనని ఇంకా రుద్దుతారు, ఇంకా నలుపెక్కుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన చెప్పే మొదటి మందు పీచు పారెయ్యమని.

అత్తమ్మ చెయ్యి గాల్లో తిరగబోవడం నేను ఊరికే చెప్పలేదు. దిష్టి తీసినా, నలుగు పెట్టినా, డీ-ట్యాన్ చేయించుకున్నా మనం తీసెయ్యాలనుకునేది ఒక్కటే, మన మీద పడ్డ ఎదుటివాళ్ళ చూపు. పిల్లాడు ముద్దుగా ఉన్నాడని చూసినవాళ్ళ చూపు తీస్తే దిష్టి. పిల్ల నల్లగా ఉందని చూసినవాళ్ళ చూపు తీస్తే నలుగు. రెండోదానికి మందు లేదు, అది పిల్ల ఒంటిమీద లేదు గనక. ఆషాఢంలో బోనాలప్పుడు మా చిలకలగూడ కట్టమైసమ్మ గుడి దగ్గర పోతరాజు ఒళ్ళంతా పసుపు పూసుకుని కొరడా తిప్పుతూ ఊగుతుంటే, ఆయన రంగేమిటని ఇంతవరకూ ఎవరూ అడగగా నేను వినలేదు.

ఉప్పు అనగానే దండి, 1930 అని చెప్పకపోతే వ్యాసం ఒప్పుకోరు. చెప్పాను. నాకు అంతకన్నా పాత లెక్క ఒకటి ఇష్టం. పదిహేడో శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండ దాకా వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, వేలకొద్దీ ఎద్దుల మీద సరుకు మోసే సంచార తెగలు నాలుగున్నాయని రాసుకున్నాడు. ఒక తెగ ధాన్యం, ఒకటి బియ్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు. ఎవరి సరుకు వాళ్ళదే, ఇంకోటి ముట్టరు. మన బంజారాలు. సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున కూర్చున్న ఈ దక్కను రాళ్ళలో ఉప్పు పండదు. గోల్కొండ వంటశాలలో ఉప్పైనా, గొల్లవాడి గంజిలో ఉప్పైనా ఎద్దు వీపు మీద ఎక్కి రావలసిందే. 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది, 1889కి బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. అంతటితో ఎద్దుల బేరం కుంగిపోయింది. తరాల తరబడి ఉప్పు మోసినవాళ్ళు పని కోసం ఎక్కడెక్కడికో చెదిరారు. ఆ సికింద్రాబాదు స్టేషన్ పక్కనే మా ఇల్లు. గూడ్సు కూత వినకుండా మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

సికింద్రాబాదు నుంచి తిరుపతి వైపు పోయే రైళ్ళు కొన్ని చీరాల, ఒంగోలు మధ్య చినగంజాం మీదుగా వెళతాయి. పగటిపూట ఆ దారిన వెళితే కిటికీ వదలకండి. పట్టాలకి అటూ ఇటూ అద్దం పరిచినట్టు మడులు, గట్ల మీద తెల్లటి రాశులు, వానొస్తే కరగకుండా తాటాకు కప్పిన కుప్పలు. లీటరు సముద్రపు నీళ్ళలో లవణాలు దాదాపు 35 గ్రాములు. ఒక మడిలోంచి ఇంకో మడిలోకి, మరింత చిక్కబడుతూ నీళ్ళు మార్చి మార్చి, ఎండకి ఎండబెట్టి, సమయం చూసి ఉప్పు లాగాలి. ఆలస్యమైతే మెగ్నీషియం లవణాలు కూడా పేరుకుని ఉప్పు చేదెక్కుతుంది. వానాకాలం మన ఉప్పు జాడీ చెమరుస్తుందే, అది ఆ మిగిలిన మెగ్నీషియం వల్లే. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా నౌపడలోనూ ఇదే పని, ఇదే ఎండ.

ఆ మడుల్లో దిగి చెక్క పారలతో ఉప్పు లాగేవాళ్ళ కాళ్ళు చూశారా ఎప్పుడైనా? ఎండాకాలమంతా మోకాళ్ళ కిందిదాకా చిక్కటి ఉప్పునీళ్ళలో నిలబడాలి. అరికాళ్ళు మందంగా గట్టిపడి పగుళ్ళు తేలతాయి, పగుళ్ళలోకి ఉప్పు దిగుతుంది, పుండ్లు మానవు. నా మణికట్టు మీది చిన్న గీతకే నేను కేక పెట్టాను. గుజరాత్‌లో చిన్న రణ్ ఎడారిలో ఉప్పు పండించే అగరియాలు చనిపోతే, చితి మీద ఒళ్ళంతా కాలినా పాదాలు కాలవని, వాటిని విడిగా పూడుస్తారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అంతగా ఉప్పు పట్టేస్తుందట. ఎండ, పైగా ఆ తెలుపు మీదనుంచి తిరిగొచ్చే ఎండ, కళ్ళని కూడా తింటుంది. సీసా మీద సముద్రం బొమ్మ వేసినవాళ్ళు ఆ కాళ్ళు వెయ్యరు, వేస్తే ఎవరూ కొనరు. నేను ఉప్పు మానెయ్యమనడం లేదు. ఆ ఉప్పు అమ్ముడుపోతేనే వాళ్ళకి కూలి. మడి గట్టు మీద కిలోకి దొరికేదానికీ సీసా వెలకీ మధ్య ఎంత ఉందో చూడమంటున్నాను. ఆ మధ్యది నిమ్మగడ్డి నూనెకి పోలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

హిమాలయన్ పింక్ సాల్ట్ అని ఇంకో సీసా ఉంది, రెట్టింపు వెల. అది పాకిస్తాన్ పంజాబ్‌లోని ఖేవ్డా గనిలోది. మన ఆయుర్వేద కొట్లలో సైంధవ లవణమని పొట్లం కట్టి ఇచ్చే జాతిదే. ఆ గులాబీ రంగు ఇనుము వల్ల. మోచేతికి ఆ రంగుతో పనిలేదు.

కాబట్టి నా తీర్పు ఇది. సముద్రపు ఉప్పుతో ఒళ్ళు రుద్దుకోవచ్చు. గరుకు పోతుంది, రంగు పోదు, విషాలేవో బయటికి రావు, వయసు తగ్గదు. సీసా అక్కర్లేదు, దంచిన దొడ్డుప్పు రెండు వంతులు, నూనె ఒక వంతు కలుపుకుంటే చాలు. మోచేతులకి, మోకాళ్ళకి, మడమలకి వాడండి. ముఖానికి వద్దు, ముఖానికి సున్నిపిండే ఎక్కువ. వారానికి ఒకసారి చాలు. షేవింగ్ చేసుకున్న రోజు, వాక్సింగ్ చేయించుకున్న రోజు ముట్టుకోకండి. గజ్జి, తామర, సోరియాసిస్ ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు. షుగరు ఉన్నవాళ్ళు కాళ్ళకి అసలే వద్దు, స్పర్శ తగ్గిన కాలికి ఎక్కడ గీసుకుందో తెలియదు. పసిపిల్లల్ని దీనికి దూరంగా ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, స్నానం అయ్యాక బాత్రూం గచ్చు సబ్బునీళ్ళతో కడిగి బయటికి రండి. ఉప్పు పోయినా నూనె అక్కడే ఉంటుంది, మీ తర్వాత స్నానానికి వెళ్ళేది ఇంట్లో పెద్దావిడ కావచ్చు.